పట్టపగలు గూబ కనబడితే ముందు ఏం చూడాలె

(నల్లగొండలో రైతులు, విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసినం. తడబాట్లు తీసేసి మిగతాదంతా మాట్లాడినట్టే ఉంచినం.)

అందరికీ నమస్తే. వెనుక నిలబడ్డోళ్లు ముందుకు రండి, కుర్చీలు ఖాళీగ ఉన్నయి. మైకు వినబడుతున్నదా? సరే.

ఒక ప్రశ్నతోని మొదలుపెడుత. పగలు పదకొండు గంటలకు మీ యాప చెట్టు మీద గూబ కూర్చున్నది. కండ్లు తెరిచి మిమ్మల్నే చూస్తున్నది. ఏమనుకుంటరు? చెప్పండి, సిగ్గెందుకు. "అపశకునం" అన్నరు ఆ మూలకు. "పగలు దానికి కండ్లు కనబడవు, తొవ్వ తప్పింది" అన్నరు ఇటు దిక్కు. "జబ్బు చేసింది" అన్నది ఆ అమ్మాయి. మూడు జవాబులొచ్చినయి. మొదటిదాని మీద నేను వాదం పెట్టుకోను, పొద్దు సరిపోదు. రెండోది తప్పు. మూడోది ఒక్కోసారి నిజం. ఆ ఒక్కోసారి ఎప్పుడు అన్నదే ఇవ్వాళ నేను చెప్పేది. పగలు కనబడ్డది అన్న ఒక్క ముచ్చట పట్టుకొని ఏ నిర్ణయానికీ రావద్దు. అది ఏ గూబ, ఏం చేస్తున్నది, ఇది ఏ నెల, ఈ మూడు చూడాలె. చూస్తే చాలామటుకు మీకే తెలిసిపోతది.

ముందు కండ్ల సంగతి తేల్చుకుందాం. గూబకు పగలు కండ్లు కనబడతయి. బాగనే కనబడతయి. చీకట్లో చూసేందుకు దాని కన్ను పెద్దది, లోపల మసక వెలుతురును పట్టే కణాలు ఎక్కువ. అట్లని ఎండల గుడ్డిదైపోదు. వెలుగు పెరిగితే నడుమ ఉన్న నల్లగుడ్డు చిన్నగైతది, మనకైనట్టే. మరి సగం కండ్లు మూసి ఎందుకు కూర్చుంటది? దాక్కునేందుకు. పసుపు పచ్చని, నారింజ రంగు కండ్లు ఆకుల మధ్యల దూరం నుంచే మెరుస్తయి, కాకి కంట్ల పడుతయి. రెప్ప దించితే మాను మీద బెరడు లెక్క కలిసిపోతది. దానికి సరిగ్గ కనబడనిది ఒక్కటే, మరీ దగ్గరున్న వస్తువు. ముక్కు ముందటిది దానికి మసకగ ఉంటది, అందుకే ముక్కు చుట్టూ ఉన్న సన్నటి వెంట్రుకల్లాంటి ఈకలతోని తడిమి తెలుసుకుంటది.

ఇంకొకటి. గూబ కన్ను గుండ్రంగ ఉండదు, గొట్టం ఆకారంల ఉంటది, గుంతల తిరగదు. అందుకని మెడ తిప్పుతది. మన మెడల ఏడు ఎముకలుంటే దాని మెడల పద్నాలుగు. ఒక దిక్కుకు 270 డిగ్రీల దాకా తిప్పగలదు. పిలగాండ్లు "చుట్టూ తిరుగుతది" అంటరు, చుట్టూ తిరగదు. అటు దిక్కు ఆఖరు దాకా పోయి, చటుక్కున ఇటు దిక్కుకు వస్తది, మనకు అది కనబడదు, అంతే.

మన దగ్గర పగలు మేలుకునేవి ఏవి

మీకు పగలు కనబడ్డ గూబ నూటికి ఎక్కువ మటుకు పైడికంటే అయి ఉంటది. గోరింక కంటె అటూ ఇటూ, 21 సెంటీమీటర్లు. బూడిద కలిసిన గోధుమ రంగు మీద తెల్ల చుక్కలు, తెల్ల కనుబొమ్మలు, పసుపు కండ్లు. ఊర్ల మధ్యనే ఉంటది. యాప, చింత, మర్రి తొర్రలు, మొవ్వు ఎండిపోయిన తాటిచెట్టు, పాత గడీల గోడ సందులు, మోటబాయి రాతికట్టుల ఊడిపోయిన రాయి చోటు. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి లాంటి పెద్ద మర్రి ఉన్నచోట, కొమ్మ విరిగి తొర్ర పడ్డకాడ, తప్పకుండ వెతకాల్సిన పిట్ట ఇదే.

ఈ పైడికంటి పగలంతా నిద్రపోదు. పొద్దుగాల ఎనిమిది తొమ్మిది దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు దాటినంక తొర్ర మూతి కాడికి వచ్చి కూర్చుంటది. చలికాలం ఎండ కాగేందుకు ఇంకా సేపు కూర్చుంటది. రెండు, మూడు, ఒక్కోసారి నాలుగు పక్కపక్కన ఆనుకొని కూర్చుంటయి, ఒకదాని మెడ ఒకటి గోకుతది. అది జంట, లేకుంటే జంటా పిల్లలూ. మీరు చెట్టు కింద నిలబడితే తల కిందికి పైకి, అటు ఇటు ఊపుతది. ఎక్కిరిస్తున్నదనుకుంటరు చాలామంది. మీరు ఎంత దూరంల ఉన్నరో కొలుస్తున్నది. తల కదిలితే దగ్గరి వస్తువు ఎక్కువ జరిగినట్టు, దూరపుది తక్కువ జరిగినట్టు కనబడతది, దాంతోని దూరం లెక్క కట్టుకుంటది. మీరు ఇంకో రెండడుగులు ముందుకేస్తే ఊపుడు ఆపి, తొర్రలకు జారుకుంటది. ఇది పూర్తిగ ఆరోగ్యంగ ఉన్న పిట్ట. దీనికి మీరు చేయాల్సింది ఏమీ లేదు.

దీని చుట్టం అడవి పైడికంటి. చుక్కలుండయి, ఒళ్లంతా సన్నటి అడ్డచారలు. అది ఊర్లల్ల ఉండదు. మన్ననూరు, ఫర్హాబాద్ దిక్కు, అమ్రాబాద్ అడవిల చూడాలె. మబ్బు పట్టిన దినం అయితే మిట్టమధ్యాహ్నం కూడా కూస్తది, వేటాడుతది. మన దిక్కు గూబలల్ల పగలు బాగ తిరిగేది ఇదే. మహారాష్ట్ర, మధ్యప్రదేశ్ అడవులల్ల అడవి గుడ్లగూబ అని దీనికి దగ్గరి పిట్ట ఇంకొకటున్నది. అది కూడా పగలే వేటాడుతది. నూరేండ్లకు పైన అది అంతరించిందనుకున్నరు, 1997లో మహారాష్ట్రల మళ్లీ దొరికింది. ఇది మన దగ్గర ఉండదు, కాబట్టి ఫోన్ల ఫోటో చూపించి "దొరికింది సార్" అని పరుగెత్తుకుంట రావద్దు. మీరు చూసింది పైడికంటే.

ఇగ పెద్దది, కొండ గూబ. మన నల్లగొండ పిట్ట అంటే ఇదే అంట నేను. రాచకొండ, దేవరకొండ, భువనగిరి గుట్టలు, ఇటు కోయిల్‌కొండ, ఎక్కడ ఎర్రరాయి నల్లరాయి బండలున్నయో, పక్కన చెల్క గానీ వరిమడి గానీ ఉన్నదో, అక్కడ ఇది ఉండేందుకు ఆస్కారం ఉంటది. రెండడుగులకు జర తక్కువ ఎత్తు, నెత్తి మీద రెండు కుచ్చులు. అవి చెవులు కాదు, ఈకలే. కండ్లు నారింజ రంగు, కాళ్లకు వేళ్ల దాకా ఈకలు.

ఇది పగలు వేటకు పోదు. కానీ పగలు కనబడతది. రెండిటికీ తేడా ఉన్నది, గమనించండి. బండ సందుల నీడల కూర్చుంటది, ఎండ జరిగిన కొద్దీ నీడ జరుగుతది, నీడ జరిగితే అది కూడా జరుగుతది. పొద్దు గుంకే ముందు, ఇంకా వెలుతురు ఉండంగనే, లేచి ఎత్తుగున్న బండ కొస మీదికి వస్తది. సంక్రాంతి దినాలల్ల మనకు పొద్దు గుంకేది ఐదు గంటల యాభై ఐదు నిమిషాల దిక్కు. ఐదుంపావుకల్లా మీరు వెళ్లి, గుట్ట ఎదురుంగ నూరు మీటర్లు దూరంల కూర్చొని ఉండాలె. ముందు లోతుగ, రెండు తుంపులుగ కూత వినబడతది, రెండో తుంపు సాగుతది. కూసినప్పుడు గొంతు కింద తెల్ల మచ్చ ఉబ్బుతది. సంధ్య మసకల పిట్ట కనబడకపోయినా ఆ తెల్ల మచ్చ కనబడతది. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా గుడ్లు, పిల్లల కాలం. అప్పుడు కూతలు ఎక్కువ.

దీని గూడు గురించి ఒక్క నిమిషం ఎక్కువ చెప్త, ఎందుకంటే మన జిల్లాల ఇక్కడనే నష్టం జరుగుతది. ఇది గూడు కట్టదు. బండ పక్కన, మట్టికట్ట అరుగు మీద, వాగు ఒడ్డు కోసుకుపోయిన చోట, ఒక్కోసారి పొద కింద నేల మీదనే, మట్టిల చిన్న గుంత లాంటి చోట రెండు మూడు, ఒక్కోసారి నాలుగు గుడ్లు పెడుతది. నెల దాటినంక పిల్లలు బయటికి వస్తయి. వాటికి సరిగ్గ ఎగురుడు వచ్చేదాకా నడుచుకుంట తిరుగుతయి. రాయి కొట్టేటోళ్లు, మేకలు కాసేటోళ్లు, గుట్ట ఎక్కే పిలగాండ్లు వీటి మీదికే పోతరు.

మీరు దగ్గరికి పోంగనే పెద్ద గూబ ఎగిరి, కొద్ది దూరంల నేల మీద పడి, రెక్క ఈడ్చుకుంట కొట్టుకుంటది. చూసినోళ్లు ఏమనుకుంటరు? పాపం రెక్క విరిగింది, పట్టుకొని దవాఖానకు తీసుకుపోదాం అనుకుంటరు. అది నటన. మిమ్మల్ని పిల్లల నుంచి దూరం గుంజుతున్నది. మీరు దాని ఎంబడి పోతే అది ఇంకా దూరం పోతది, గుడ్లు అక్కడ ఎండకు మాడిపోతయి. నవంబర్ నుంచి ఏప్రిల్ నడుమ, గుట్టల కాడ, గూబ రెక్క ఈడుస్తున్నదంటే ఒక్కటే పని. వచ్చిన తొవ్వల వెనక్కి తిరిగి పోండి. నూరు నూటయాభై మీటర్లు పోయి చూడండి. నటన అయితే అది లేచి తిరిగి బండ మీదికి పోతది. అక్కడనే పడి ఉన్నదంటే అప్పుడు నిజంగ దెబ్బ తగిలినట్టు.

చేపల గూబ నీళ్ల కాడి పిట్ట. కృష్ణ ఒడ్డున, డిండి వాగు అడవిల, నీళ్ల మీదికి వంగిన పెద్ద చెట్లల్ల ఉంటది. కొండ గూబంతనే ఉంటది. తేడా ఎట్ల తెలుస్తది? కాళ్లు చూడండి. చేపల గూబకు మోకాళ్ల కింద ఈకలుండయి, కాళ్లు బోడిగ ఉంటయి, తడవకుండ. కండ్లు పసుపు. మబ్బు దినాలల్ల పగలే నీళ్ల ఒడ్డుకు దిగుతది, చేప, కప్ప, ఎండ్రికాయ పడుతది. దీన్ని పగలు చూస్తే గాబరా పడాల్సింది లేదు.

పొట్టిచెవుల గూబ గురించి కొద్దిగనే చెప్త. అది చలికాలం వలస వచ్చేది. చెట్టు ఎక్కదు, గడ్డిల నేల మీద కూర్చుంటది. గడ్డి బీడులల్ల సాయంత్రం నాలుగున్నర, ఐదు గంటలకే నడుము ఎత్తుల, పొడుగు రెక్కలతోని, మెల్లగ ఊగుకుంట ఎగిరితే అది వేట. పసుపు కంటి చుట్టూ నల్ల కాటుక పెట్టినట్టు ఉంటది. మీకు కనబడితే అదృష్టం, బీడులు ఎక్కడ మిగిలినయి గనక.

ఆఖరుకు తెల్ల గూబ. చావుపిట్ట అంటరు, పాపం. గుండె ఆకారంల తెల్ల మొకం, నల్ల కండ్లు. పాత బడులు, గుళ్ల గోపురాలు, నీళ్ల ట్యాంకులు, మిల్లులు. ఇదీ, చెవుల కుచ్చులుండి ఆకులల్ల అసలే కదలని చిన్న గూబ ఇంకొకటీ, పగలు బయట తిరిగేవి కావు. పైడికంటి పగలు కనబడితే మామూలు. తెల్ల గూబ పగలు నేల మీద కనబడితే ఆగి చూడాలె. ఈ ఒక్క మాట రాసుకోండి.

ఎందుకు బయటికొచ్చింది

కాకులు. మొదటి కారణం కాకులే. గూబ ఉన్నచోటు కాకికి దొరికిందంటే పది కాకులను పిలుస్తది. ఏట్రింత, అదే తోక చీలిన నల్ల పిట్ట, పిగిలిపిట్ట, గోరింక, ఉడుత, అన్నీ కలిసి లొల్లి చేస్తయి. ఆ లొల్లికి గూబ లేచి, ఇంకో చెట్టు మీదికి, అక్కడి నుంచి మీ ఇంటి పెరట్లకు వస్తది. మీరు చూసేసరికి పట్టపగలు గూబ. అది రాలే, తరిమిండ్రు. గూబ కావాలని వెతికేటోళ్లకు కూడా ఇదే సూత్రం. చెట్టు చెట్టు వెతక్కండి, లొల్లి ఎక్కడున్నదో వినండి. చిన్న పిట్టలు ఒకే చోటు దిక్కు మొకం పెట్టి, ఆగకుండ అరుస్తున్నయంటే అక్కడ గూబ గానీ పాము గానీ పిల్లి గానీ ఉంటది.

రెండోది, కడుపు మాడుడు. వానాకాలం రాత్రంతా ముసురు పడితే గూబ వేట సాగదు. ఎందుకు? దాని ఈకలు మెత్తగ ఉంటయి, సప్పుడు రాకుండ. రెక్క ముందు అంచుకు దువ్వెన పండ్ల లాంటివి, మీద మకమలు లాంటి నూగు. సప్పుడు రాదు, కానీ నీళ్లకు ఆగదు. కొంగ రెక్క లెక్క నీళ్లు జారిపోవు, నానిపోతయి. పైగా వాన సప్పుడుల ఎలుక నడక వినబడదు. తెల్ల గూబ అయితే ఎక్కువ చెవితోనే వేటాడుతది, దాని ఒక చెవి రంధ్రం పైన, ఒకటి జర కింద ఉంటది, సప్పుడు ఎంత ఎత్తు నుంచి వచ్చిందో అట్ల పట్టుకుంటది. రెండు రాత్రులు వాన పడ్డంక తెల్లారి ఎనిమిది గంటలకు గట్టు మీద కూర్చొని వేటాడే గూబ కనబడితే, అది ఆకలి. రెక్కలు విప్పి ఎండకు పెట్టుకున్నదంటే ఆరబెట్టుకుంటున్నది. రానివ్వండి, తిననివ్వండి.

మూడోది, పిల్లలు. పిల్లలు పెద్దగైన కొద్దీ తిండి సరిపోదు, తల్లిదండ్రులు పొద్దు ఉండంగనే మొదలుపెడుతయి, పొద్దెక్కినంక కూడా తెస్తయి. పైడికంటికి ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలలల్ల ఇది రోజూ జరిగే పని. బల్లి, తొండ, పేడపురుగు, మిడత పట్టుకొని తొర్రలకు పోతది.

నాలుగోది, ఎండ. మన దగ్గర మే నెలల 44, 45 డిగ్రీలు. ఎండిన తాటి తొర్ర లోపల ఉడికిపోతది, బయటికొస్తయి. నోరు తెరిచి గొంతు కింది తోలు టపటప ఆడిస్తయి, అట్లనే ఒళ్లు చల్లబడాలె వాటికి, చెమట గ్రంథులు లేవు. నోరు తెరిచిందని జబ్బు అనుకోవద్దు. నీడల నేల మీద, రెండంగుళాల లోతు ఉండే మట్టి చిప్పల నీళ్లు పెట్టండి. లోతు కుండ పెట్టొద్దు, నీటి తొట్టిల పడి మునిగిన గూబలు చాలా ఉంటయి. పశువుల తొట్టి ఉంటే దాంట్లో ఒక కట్టె ఏటవాలుగ పెట్టండి, పడ్డా ఎక్కి వస్తది.

ఐదోది, మనం. చెట్టు కొట్టినం, బండ పేల్చినం, పాత గోడ కూల్చినం. దీపావళి ముందు పట్టి అమ్మేటోళ్లు కూడా ఉన్నరు, పూజల పేరు మీద. 1972 వన్యప్రాణి చట్టం కింద గూబను పట్టుడు, అమ్ముడు, గుడ్లు తీసుడు, అన్నీ నేరమే. సంచిల గూబ పెట్టుకొని తిరిగేటోడు కనబడితే కొని వదిలిపెట్టొద్దు. మీరు కొంటే రేపు వాడు ఇంకోటి పడుతడు. అటవీ శాఖ రేంజి ఆఫీసుకు, లేకుంటే పోలీసులకు చెప్పండి.

ఆరోది మందు. దీని గురించి రైతులున్నరు గనక జర నిలబడి మాట్లాడుదాం.

ఎలుకల మందు, గూబ

వరిల, పల్లిల ఎలుకకు మనం పెట్టేది ఎక్కువగ బ్రోమోడయోలోన్. లెక్క మీకు తెలుసు. నూకలు 96 పాళ్లు, నూనె 2 పాళ్లు, మందు 2 పాళ్లు. ఈ మందు రక్తం గడ్డకట్టకుండ చేస్తది. తిన్న ఎలుక అప్పుడే చావదు. మూడు నాలుగు దినాలు, ఒక్కోసారి వారం బతుకుతది. లోపల రక్తం కారుకుంట, మత్తుగ, మెల్లగ, పట్టపగలు గట్టు మీదికి వస్తది. మరి గూబకు ఏ ఎలుక సులువుగ దొరుకుతది? అదే. ఆ ఎలుక కార్జంల మందు నిల్వ ఉంటది. ఒకటి తింటే ఏమీ కాకపోవచ్చు, వరుసగ తింటే గూబకు కూడా అదే జబ్బు. పగలు నేల మీద కూర్చొని, ఈకలు ఉబ్బించుకొని, మీరు పోయినా లేవని తెల్ల గూబ, ముక్కు కాడ నెత్తురు, చిన్న గాయం కూడా ఆరకుండ కారుడు, ఇవి చూస్తే మందే అని అనుమానించాలె. జింకు ఫాస్ఫైడ్ వేరే. దాంతోని ఎలుక గంటలల్ల చస్తది, మాంసంల అట్ల నిల్వ ఉండదు. కానీ ఎలుక కడుపుల మిగిలిన మందు ఉంటది, అదీ ప్రమాదమే.

మందు పెట్టొద్దని నేను అంటలేను. పంట పోతే ఎట్ల? పెట్టే తీరు చెప్తున్న. మొదటి దినం కనబడ్డ బొరియలన్నీ మట్టితోని మూయండి. తెల్లారి ఏవి తెరుచుకున్నయో అవే ఎలుక ఉన్న బొరియలు. వాటిల్లనే, పది పదిహేను గ్రాముల పొట్లం కట్టి లోపలికి తోసి మూయండి. గట్టు మీద చల్లకండి. చల్లితే నెమలి తింటది, పావురం తింటది, ఎలుకకు దొరికేది తక్కువ. తర్వాత పది దినాలు పొద్దుగాల, సాయంత్రం పొలం తిరిగి చచ్చిన ఎలుకలను, తూలుతున్న ఎలుకలను కట్టెతోని తీసి, మోకాలు లోతు గుంతల పూడ్చండి. తిరిగే పనే అసలు పని, దాన్నే అందరం మానేస్తం. గూబ గూడు ఉన్న మడులల్ల అయితే మందు కంటే ముందు బుట్టలు పెట్టండి, గట్లు సన్నగ వేయండి. వెడల్పు గట్టుల ఎలుకకు ఇల్లు కట్టుకునే చోటు దొరుకుతది. వరి పొట్టకు రాకముందే, మనిషి ఎత్తుకు మించి నిలబడేటట్టు 'టి' ఆకారంల కట్టెలు పాతండి. గూబ దాని మీద కూర్చొని వేటాడుతది. కోతకు ముందు పీకేయండి, ధాన్యం తినే పిట్టలు వచ్చి వాలకుండ.

కింద పడ్డ గూబ దొరికితే

మొదలు చేతులు జేబుల పెట్టుకోండి. ముప్పై మీటర్లు దూరం నుంచి పది నిమిషాలు చూడండి. నూగు ఈకలుండి, కండ్లు పూర్తిగ తెరిచి, మిమ్మల్ని చూసి ముక్కు టక్కుటక్కుమనిపిస్తున్నదంటే అది పిల్ల, బాగనే ఉన్నది. ఎగురుడు రాకముందే తొర్రల నుంచి బయటికి వచ్చుడు వాటి అలవాటు. గోళ్లతోని మళ్లీ చెట్టు పాకుతది. కుక్కలున్నయా? ఉంటే బట్టతోని పట్టి, దగ్గరున్న కొమ్మ మీద పెట్టి మీరు పక్కకు పోండి. మనిషి ముట్టుకుంటే తల్లి రాదన్నది ఉత్త మాట, వస్తది. ఇంటికి మాత్రం తీసుకుపోవద్దు.

దెబ్బ తగిలిందని తెలిస్తే, రెక్క వేలాడుతుంటే, నెత్తురు కారుతుంటే, పగలు లేవకుండ పడి ఉంటే, అప్పుడు పట్టాలె. గూబ ముక్కు కంటె గోళ్లు ప్రమాదం. కొండ గూబ గోరు అరచేతిల నుంచి దిగుతది. మందపాటి తువ్వాల గానీ గొంగడి గానీ పైనుంచి కప్పండి, తల కప్పబడితే సగం నెమ్మదిస్తది. బట్ట మీది నుంచి రెండు కాళ్లు ఒక్క చేతిల గట్టిగ పట్టండి, రెక్కలు ఒంటికి ఆనించి ఇంకో చేయి. అట్టపెట్టెల పెట్టండి. పైడికంటికి చెప్పుల డబ్బా సరిపోతది, కొండ గూబకు టీవీ డబ్బా కావాలె. కింద పాత బట్ట, పక్కలకు వేలు పట్టేంత రంధ్రాలు పది పన్నెండు. మూత మూసి, చీకటిగ, సప్పుడు లేని చోట, నీడల పెట్టండి.

ఇగ మనోళ్లు చేసే తప్పు. పాలు పోస్తరు, అన్నం పెడుతరు, నోరు తెరిచి నీళ్లు పోస్తరు. పాలు, అన్నం దానికి తిండి కాదు. నీళ్లు పోస్తే నాలుక వెనుకనే ఊపిరి గొట్టం ఉంటది, అందులకే పోతయి, సచ్చిపోతది. ఏమీ పెట్టకండి, ఏమీ పోయకండి, అటవీ శాఖ మనుషులకు ఫోన్ చేసి అప్పగించండి. ఒక దినం తిండి లేకున్నా పెద్ద గూబకు ఏమీ కాదు. నడుమ నడుమ మూత తీసి చూడొద్దు, సెల్ఫీలు దిగొద్దు. భయానికే పోతయి చాలా.

సంక్రాంతికి మాంజా చుట్టుకున్నది అనుకోండి. నైలాన్ మాంజా మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధం పెట్టింది, అయినా కొమ్మలల్ల ఏడాదంతా వేలాడుతది. గూబ చిక్కితే దారం గుంజకండి. ఈక మొదట్లో తోలు కోసుకొని దారం లోపలికి పోయి ఉంటది, గుంజితే ఇంకా తెగుతది. పిట్టకు అటు ఇటు రెండు జానల దూరంల కత్తిరించి, ఒంటికి చుట్టుకున్నది అట్లనే ఉంచి పెట్టెల పెట్టండి. విప్పే పని పశువుల డాక్టరుకు వదలండి.

ప్రశ్నలు రెండున్నయి, చెప్పి ముగిస్త. ఆ తమ్ముడు అడిగింది, ఫోటో తీయొచ్చునా అని. తీయి. ఫ్లాష్ వద్దు, స్పీకర్ల కూత వినిపించి పిలుచుడు వద్దు, రాయి విసిరి లేపుడు అసలే వద్దు. పైడికంటికి పదిహేను మీటర్లు, కొండ గూబకు కనీసం యాభై, గూడు ఉంటే నూరు. ఎప్పుడు ఆగాలె అన్నది గూబనే చెప్తది. కూర్చున్న గూబ ఒక్కసారిగ ఒళ్లు సన్నగ, నిట్టనిలువుగ చేసిందంటే, కుచ్చులు లేపిందంటే, మూసిన కండ్లు పూర్తిగ తెరిచిందంటే నువ్వు ఎక్కువ దగ్గరికొచ్చినవు. అక్కడి నుంచి వెనక్కి. గూడు ఎక్కడున్నదో ఫోన్ల పెట్టొద్దు. మండలం పేరు చాలు, అది కూడా పిల్లలు ఎగిరిపోయినంక.

ఆ పెద్దాయన అడిగింది, బాయి కాడి తాటిచెట్టు ఎండిపోయింది, తొర్రల పైడికంటి ఉన్నది, చెట్టు పడగొట్టాలె అని. ఇప్పుడు ఏ నెల బాబాయ్? ఫిబ్రవరి. గుడ్లో పిల్లలో ఉంటయి. గుడ్లు పొదిగేది నెల, పిల్లలు తొర్ర విడిచేది ఇంకో నెల. ఏప్రిల్ ఆఖరు దాకా ఆగండి. మే మొదట్లో రెండు మూడు సాయంత్రాలు, ఐదున్నర నుంచి ఏడు దాకా, కింద కూర్చొని తొర్రలకు ఏదన్నా తిండి పోతున్నదా చూడండి. పోకుంటే కొట్టుకోవచ్చు. మోటరు మీద, తొవ్వ మీద పడే చెట్టు కాకుంటే మాత్రం, పై తల వరకు కోసి, తొర్ర ఉన్న మొద్దు పది పన్నెండు అడుగులు అట్లనే నిలబెట్టండి. ఎండిన తాటి మొద్దు ఇంకా కొన్నేండ్లు నిలుస్తది, మీ వరిల ఎలుక పట్టే పిట్ట మీ బాయి కాడనే ఉంటది.